పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేయిస్తున్నారా? షాపులో డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్ ఉన్న మెషీన్లలో చాలావాటికి విండోస్ 11 మామూలు దారిలో ఎక్కదు. అందుకే మన హైదరాబాద్‌లో చాలామంది బాగానే నడుస్తున్న ల్యాప్‌టాప్ పారేయలేక లైనక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయిద్దామని షాపులకు వెళ్తున్నారు. ఆలోచన చాలా మంచిది. కానీ మల్కాజిగిరిలో ఉండే మా బాబాయికి సికింద్రాబాద్‌లోని ఒక షాపులో జరిగింది ఇంకొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఆయనది 2016లో కొన్న ల్యాప్‌టాప్. మధ్యలో ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే కొత్త రకం డిస్క్) వేయించారు కాబట్టి స్పీడ్‌కు లోటు లేదు. షాపులో ఉబుంటు అనే లైనక్స్ రకం వేస్తామన్నారు. "డీ డ్రైవ్ జోలికి వెళ్లం అంకుల్, మీ ఫొటోలు ఎక్కడికీ పోవు" అని భరోసా ఇచ్చారు. చేతికిచ్చేటప్పుడు బిల్లు మూడు వేలు: ఇన్‌స్టలేషన్‌కు 800, ఓఎస్ లైసెన్స్ అని 1,500, వైఫై చిప్ పోయిందని చెప్పి అంటగట్టిన, బయట తగిలించే వైఫై డాంగిల్‌కు 700.

ముందు ఆ లైసెన్స్ సంగతి. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా ఏదైనా సరే, ఇంట్లో వాడుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరి సైట్ నుంచి వాళ్లది నేరుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పెట్టిన టైముకు, పనికి కూలి అడగడం న్యాయమే, అది ఇవ్వాలి కూడా. లైసెన్స్ పేరుతో అడిగితే మాత్రం అది మోసమే.

అంత తీసుకుని వేసింది ఏమిటంటే ఉబుంటు 23.10. ఈ అంకెల్లో మొదటిది సంవత్సరం, రెండోది నెల. అంటే 2023 అక్టోబర్‌లో వచ్చినది. ఇలా మధ్యలో వచ్చే వెర్షన్లకు తొమ్మిది నెలలే సపోర్ట్, దీనికి 2024 జులైలోనే ముగిసిపోయింది. అప్‌డేట్ కమాండ్ కొడితే వరసగా "404 నాట్ ఫౌండ్" అని వచ్చింది, ఎందుకంటే ఆ వెర్షన్ ఫైళ్లను సర్వర్ల నుంచి పాత వెర్షన్ల ఆర్కైవ్‌కు మార్చేశారు. బ్రౌజర్ తెరుచుకుంటుంది, వీడియో ఆడుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. సెక్యూరిటీ అప్‌డేట్ ఒక్కటీ రాదు. దాంట్లోనే బాబాయి బ్యాంకు పనులు చేసుకుంటున్నారు. షాపుకు ఫోన్ చేస్తే "లైనక్స్ అంటే అంతే సార్" అన్నారు. అంతే కాదు! ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేది) అని రాసి ఉన్న వెర్షన్‌కు ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. 24.04 ఎల్‌టీఎస్ వేసి ఉంటే 2029 దాకా చింత ఉండేది కాదు.

వైఫై చిప్ కూడా పోలేదు. అది బ్రాడ్‌కామ్ కంపెనీది, దాని డ్రైవర్ (చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) ఉబుంటుతో పాటు దానంతటదే రాదు, విడిగా ఎక్కించుకోవాలి. మేం 24.04ను మళ్లీ మొదటి నుంచి వేసి, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) ఆన్ చేసి, "అడిషనల్ డ్రైవర్స్"లో బ్రాడ్‌కామ్ ఎంచుకున్నాం. సెక్యూర్ బూట్ (స్టార్ట్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అక్కడ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు స్క్రీన్ వస్తుంది. అది చూసి కంగారుపడి ఎంటర్ నొక్కేయకండి. పైన ఉన్న "కంటిన్యూ బూట్" వదిలేసి, "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టాలి. అది దాటిపోతే డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది కానీ పనిచేయదు. ఇది చేశాక వైఫై వెంటనే వచ్చింది. 700 రూపాయల డాంగిల్ డబ్బాలోనే ఉంది.

డబ్బు సంగతి సరే. డీ డ్రైవ్ పోయింది. అందులో పిన్ని ఫొటోలు, ఊళ్లో పొలం కాగితాల స్కాన్లు ఉండేవి. సీ, డీ అని రెండు కనిపించినా లోపల ఉన్నది ఒకటే ఎస్ఎస్‌డీ. ఇన్‌స్టాలర్‌లో "ఎరేజ్ డిస్క్" నొక్కితే రెండూ కలిపి తుడిచేస్తుంది. విడిగా పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) ఎంచుకునే దారి అదే స్క్రీన్‌లో ఉంటుంది, నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుందని షాపువాళ్లు అటు వెళ్లలేదు. పాత హార్డ్ డిస్క్ అయితే ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో కొంతైనా వెనక్కి వచ్చేది. ఎస్ఎస్‌డీని లైనక్స్ ఫార్మాట్ చేసేటప్పుడు ఖాళీ అయిన చోటును డిస్క్‌కు చెప్పేస్తుంది, డిస్క్ దాన్ని లోపలే చెరిపేసుకుంటుంది. మాకు ఒక్క ఫొటో కూడా దొరకలేదు. అడిగితే జాబ్ షీట్ అడుగున చిన్న అక్షరాల్లో "డేటాకు మా బాధ్యత లేదు" అని చూపించారు.

కాబట్టి ఎవరు ఎంత భరోసా ఇచ్చినా, ల్యాప్‌టాప్ ఇంటి గడప దాటేలోపే డేటా మొత్తం బయటి డిస్క్‌లోకి ఎక్కించండి. ఎక్కాక వేరే కంప్యూటర్‌లో పెట్టి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. కొంచెం కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంచుకుని పక్కన లైనక్స్ వేయించే వాళ్లు బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి. 48 అంకెలుంటుంది, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. సెక్యూర్ బూట్ మారిస్తే విండోస్ అది అడిగే అవకాశం ఉంది, లేకపోతే లోపలికి రానివ్వదు.

షాపులో అయితే పెన్‌డ్రైవ్ నుంచే "ట్రై ఉబుంటు"లో నడిపి చూపించమనండి. ఏదీ చెరగదు. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ అక్కడే తేలిపోతాయి. అక్కడ వైఫై రాకపోయినా చిప్ పోయిందంటే నమ్మేయకండి, పైన చెప్పినట్టు డ్రైవర్ లేకపోవడం కావచ్చు. పని అయ్యాక సెట్టింగ్స్‌లో "అబౌట్" తెరిచి వెర్షన్ పక్కన ఎల్‌టీఎస్ ఉందో లేదో చూసి, మీ కళ్ల ముందే అప్‌డేట్ చేయించి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. బిల్లు మీద ఏ ఐటమ్‌కు ఎంతో విడిగా రాయించుకోండి. లైసెన్స్ అని రాసి ఉన్న బిల్లుంది కాబట్టే మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టగలిగాం.

ఇప్పటికే మెషీన్ షాపులో ఇచ్చేసి వచ్చిన వాళ్లుంటే, ఆలస్యం చేయకుండా ఫోన్ చేసి పని ఆపమనండి. వెనక్కి తెచ్చుకుని, డేటా తీసుకున్నాకే మళ్లీ ఇవ్వండి.