పెదవాల్తేరు రిపేరు షాపు రివ్యూ: హైదరాబాద్ సామాను, వైజాగ్ గాలి

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేదంట, హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయింది, అంటే 2014 అక్టోబర్ 12న పోయిన బోర్డు, ఇప్పటిదాకా మళ్ళీ పెట్టించలేదు. ఎందుకని అడిగితే "బోర్డు చూసి వచ్చేవాళ్ళెవరు బాబూ, అందరికీ తెలుసు కదా" అన్నాడాయన. నాకు తెలీక రెండు సార్లు దాటి వెళ్ళిపోయానండీ అంటే "ఇప్పుడు తెలిసిపోనాది కదా". అలా ఉంటది ఈయనతో. కరకచెట్టు పోలమాంబ గుడి దాటాక బీచ్ వైపు దిగే సందుల్లో ఒక దాంట్లో ఉంటది, బయట నాలుగైదు ఫ్యాన్ రెక్కలు గోడకి ఆనించి, మెట్టు మీద మూతల్లేని మిక్సీ జార్లు కనిపిస్తే అదే. మిక్సీ, ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్, గ్యాస్ స్టవ్, ఇస్త్రీ పెట్టె అన్నీ చేస్తారు. మార్చి నుంచి ఇప్పటికి పదకొండు సార్లు వెళ్ళా, కాబట్టి రివ్యూ రాసే హక్కు నాకుందని అనుకుంటున్నా.

మాది ఖమ్మం వైపు, పదకొండేళ్ళు కూకట్‌పల్లిలో ఉన్నాం. మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగం రావడం, నాకు ఇంటి నుంచే పని కావడంతో సామాను మొత్తం లారీ ఎక్కించి వచ్చేశాం. అక్కడ అందరూ చెప్పింది ఒకటే, "చిన్న ఊరురా, ప్రశాంతంగా ఉంటది" అని. 2011 జనాభా లెక్కల్లోనే 17 లక్షలు దాటిన ఊరిని చిన్న ఊరు అనకండి, ముఖ్యంగా ఇక్కడివాళ్ళ ముందు అనకండి, నేను అని తిన్నా. కానీ హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి చిన్నగానే అనిపిస్తది, మొదటి నెల ఎక్కడికి వెళ్ళినా అరగంట ముందే చేరిపోయి ఖాళీగా కూర్చునేవాణ్ణి, గంటన్నర ముందు బయల్దేరే అలవాటు పోలేదు కదా. సరే అదంతా బాగానే ఉంది, ఏప్రిల్ వచ్చేసరికి ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటి మొండికేయడం మొదలైంది.

మొదట మిక్సీ. అమ్మ పచ్చడికి పల్లీలు వేస్తుంటే ఠక్కున ఆగిపోయింది, ఎన్ని సార్లు నొక్కినా చలనం లేదు. కూకట్‌పల్లిలో అయితే ఫోన్ తీసి యాప్‌లో బుక్ చేసేవాణ్ణి, ఇక్కడ అదే యాప్ తెరిస్తే మిక్సీకి రెండ్రోజుల తర్వాత స్లాట్ చూపించింది. వాచ్‌మన్ ఈ షాపు చెప్పాడు. తీసుకెళ్ళి "అన్నా, మిక్సీ చూడాలి" అన్నా. ఆయనకి అరవై పైనే ఉంటాయి, కళ్ళజోడు పైకి తోసి "ఐదరాబాదా బాబూ?" అన్నాడు. ఒక్క అన్నాకే దొరికిపోయా. ఇక్కడ ఆ వయసు మనిషిని మాస్టారూ అనో గురువుగారూ అనో అంటారంట, తర్వాత తెలిసింది. మిక్సీని బోర్లా తిప్పాడు, అడుగున ఎర్ర బటన్ ఒకటి ఉంటది చూడండి, అది నొక్కాడు, ప్లగ్గులో పెట్టాడు, బుర్రుమంది. ఓవర్‌లోడ్ పడితే మోటారు కాలిపోకుండా అదే కట్ అయిపోద్దంట, చల్లారాక నొక్కితే చాలు. ఎంతివ్వాలంటే "బటన్ నొక్కినందుకు డబ్బులేటి, ఎల్లండి" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ మిక్సీ వాడుతున్నాం, దాని కింద బటన్ ఉందని ఇంట్లో ఒక్కరికీ తెలీదు. హైదరాబాద్‌లో ఒకసారి ఇదే కంప్లయింటుకి విజిటింగ్ చార్జీ అని 299 కట్టాను, ఆ కుర్రాడు వంటింట్లోకి వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికి వచ్చి "అయిపోయింది సార్" అన్నాడు, ఏం చేశాడో ఇప్పుడు అర్థమైంది.

ఇక అసలు కథ ఏసీది. మాది మూడో అంతస్తు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తది, ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు దీన్ని చూసే పడిపోయాం. అవుట్‌డోర్ యూనిట్ ఆ బాల్కనీలోనే పెట్టించాం. కూకట్‌పల్లిలో ఆరేళ్ళు కిక్కురుమనకుండా పనిచేసిన ఏసీ, మే మొదటి వారంలో గాలి వస్తది గానీ చల్లదనం లేదు. అప్పటికి షాపాయన మీద అంత గురి కుదరలేదు, పైగా ఆ రోజు షట్టర్ వేసుంది, సరే అని ఒక యాప్ వాళ్ళని పిలిచా, పేరెందుకు లెండి. వచ్చినతను గేజ్ పెట్టి గ్యాస్ లేదు సార్ అని 2,800 తీసుకుని నింపి వెళ్ళాడు. ఇరవై రోజులకి మళ్ళీ అంతే. ఈసారి ఇంకొకతను వచ్చి కాయిల్ పోయింది, 14 వేలవుతది, దాని బదులు కొత్తది కొనుక్కోండి అన్నాడు. గ్యాస్ అనేది పెట్రోల్‌లాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు, ఎక్కడో కారితేనే తగ్గుద్ది, కారే చోటు మూయకుండా నింపడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే, ఈ ముక్క మొదటతను చెప్పి ఉంటే ఆ 2,800 మిగిలేది.

మళ్ళీ షాపుకే వెళ్ళా. అక్కడ గుంటడు (అలాగే పిలుస్తాడు ఆయన, ఇరవై ఏళ్ళ కుర్రాడు, మొదట తిడుతున్నాడేమో అనుకున్నా, ఇక్కడ గుంటడంటే పిల్లాడనేనంట) మాస్టారు హార్బర్‌లో ఉన్నారు, నాలుగు రోజులాగండి అన్నాడు. మే నెల, ఏసీ లేదు, ఒళ్ళు తుడుచుకున్న తువ్వాలు కూడా ఆరదు, నాలుగు రోజులంట! కారణం తర్వాత తెలిసింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో సముద్రం మీద మరబోట్లతో చేపల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి రిపేర్లన్నీ అప్పుడే చేయించుకుంటారు. ఈయన మొదట్లో ఫిషింగ్ హార్బర్‌లోనే బోట్ల వైరింగూ డైనమోల పని చేసేవాడంట, పాత ఖాతాలు వదులుకోడు. అంటే ఊరంతా ఏసీల కోసం ఏడ్చే ఆ రెండు నెలలే ఈయన సగం రోజులు షాపులో ఉండడు. ఒక స్టార్ తగ్గించింది దీనికే, ఎవరేమనుకున్నా.

ఐదో రోజు వచ్చాడు గానీ వచ్చాక చేసిన పని చూడాలి. గేజ్ తీయలేదు ముందు. అవుట్‌డోర్ యూనిట్ మూత విప్పి టార్చ్ వేసి పైపుల వెంబడి చూసుకుంటూ పోయాడు, ఒక వంపు దగ్గర ఆగి వేలు పెట్టి రాసి చూపించాడు, జిడ్డు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం బయటికి వస్తది, దుమ్ము అక్కడే అంటుకుంటది, కాబట్టి జిడ్డున్న చోటే అనుమానం. సబ్బు నురగ రాస్తే చిన్న చిన్న బుడగలు. తర్వాత పక్కనున్న రేకులు, అవే ఫిన్స్ అంటారు, వాటిని చూపుడువేలితో నొక్కాడు, బిస్కెట్‌లాగా పొడి అయిపోయి వేలికి తెల్లగా అంటుకుంది. నాకు గుండె ఆగింది. "ఉప్పు బాబూ. పైపు రాగి, రేకు అల్యూమినియం, మద్దిని ఉప్పునీరు. అది బేటరీ అయిపోద్ది. రాగి బతుకుద్ది, అల్యూమినియం చస్తది" అన్నాడు. ఇంజనీరింగ్‌లో నాలుగు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టి రాసిన విషయం అది, నా బాల్కనీలోనే మూడు నెలలుగా జరుగుతోందని తెలీలేదు. బోట్లకైతే అడుగున జింకు పలకలు బిగిస్తారంట, ఉప్పు ముందు జింకుని తింటది, ఇనుము జోలికి రాదు, పలక అరిగిపోతే కొత్తది వేస్తారు. "మీ ఏసీకి అలగ కట్టలేం కదా, కడుక్కోడమే".

గ్యాస్ మొత్తం తీసేశాకే మంట పెట్టాడు, మా ఏసీలోది ఆర్32 గ్యాస్, అది కొంచెం అంటుకునే రకం. వెల్డింగ్ చేసి, నైట్రోజన్ ఎక్కించి గంటన్నర వదిలేశాడు, గేజ్ ముల్లు దిగలేదు, అంటే ఎక్కడా కారట్లేదని, అప్పుడు వాక్యూమ్ లాగి గ్యాస్ తూకం వేసి మరీ నింపాడు. మొత్తం 3,600. ఆ గంటన్నరలో అమ్మ ఇచ్చిన టీ తాగి, మా ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, అడక్కుండానే స్టవ్ బర్నర్ తీసి తోమించాడు, ఫ్రిజ్ కింద పట్టిన తుప్పు చూపించాడు, బాల్కనీలో బట్టలారేసే స్టీల్ స్టాండు చూసి నవ్వాడు. స్టెయిన్‌లెస్ అని ఆన్‌లైన్‌లో కొన్నాం, నెలకే గోధుమ రంగు చుక్కలు. జేబులోంచి పాత స్పీకర్‌ది అయస్కాంతం తీసి పెట్టి చూశాడు, అంటుకుంది. "అంటుకుంటే అది ఇక్కడికి పనికిరాదు. అలగని అంటుకోపోతే మంచిదనీ కాదు, 202 రకం స్టీలు కూడా అంటుకోదు, 304 అని రాసుందో లేదో చూడండి, అది కూడా తుడుచుకోవాలి. బోట్ల మీద 316 వాడతారు, మీకెందుకు అంత ధర". మరి ఎవరికండీ ఇవన్నీ తెలిసేది, వస్తువు కొనేటప్పుడు ఎక్కడ రాసుంటది సముద్రం పక్కన వాడకండి అని.

ఆయన చెప్పిన మిగతా లెక్క కూడా రాసేస్తున్నా, కొత్తగా బీచ్ వైపు దిగినవాళ్ళకి పనికొస్తది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీళ్ళు లాక్కుంటది, ఇక్కడ చాలా రోజులు రాత్రికి అది దాటుద్ది, అందుకే వంటింట్లో ఉప్పు డబ్బా ముద్దయిపోద్ది (మా పక్కింటావిడ అందులో గుప్పెడు బియ్యం వేస్తారు, మేమూ మొదలుపెట్టాం), ఇనుము మీద పడ్డ ఉప్పు కూడా అదే పని చేస్తది, అంటే మనం పడుకున్నాక కూడా వస్తువు తడిసే ఉంటది. హైదరాబాద్ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం, 500 మీటర్ల ఎత్తు, అక్కడి గాలికి అలవాటైన సామాను ఇది. ఆయన మందేంటంటే నెలకోసారి మెయిన్ ఆఫ్ చేసి అవుట్‌డోర్ యూనిట్ మీద మామూలు నీళ్ళు నెమ్మదిగా పోయడం, సబ్బు వద్దు, యాసిడ్ అసలొద్దు. జూన్ నుంచి చేస్తున్నా, ఒకటో తారీఖు అద్దె వేశాక బకెట్ పట్టుకెళ్ళడం అలవాటైపోయింది. ఇంకో రెండేళ్ళు లాగుద్దంట. కొత్తది కొనేటప్పుడు తనని అడిగి కొనమన్నాడు, ఫిన్స్‌కి నీలం పూత ఉన్నది, స్టాండు మంచి గాల్వనైజ్డ్‌ది చూసి తీసుకోమన్నాడు.

ఇప్పుడు టైమింగ్స్, ఇదే అందరికీ ఇబ్బంది పెట్టే సంగతి. పొద్దున పది అంటాడు, పదిన్నరకి వస్తాడు. ఒకటిన్నరకి షట్టర్ సగం దించి భోజనం, కునుకు, మళ్ళీ ఐదుకి. ఫోన్ ఎత్తడు. సింహాచలం గిరిప్రదక్షిణకి షాపు రెండు రోజులు బంద్, 32 కిలోమీటర్లు నడిచాడు ఈ వయసులో, ఆషాఢ పౌర్ణమికి. నాకు తెలీక ఫ్యాన్ పట్టుకుని వెళ్ళి మూసిన షట్టర్ ముందు నిలబడి అప్పన్న భక్తులందరినీ మనసులో తిట్టుకున్నా, పాపం తగలకూడదు. మూడో రోజు వెళ్తే బకెట్‌లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఫ్యాన్ విప్పాడు, కెపాసిటర్ మార్చాడు, 60 రూపాయలు. నీళ్ళలో ఏం కలిపారు మాస్టారూ అంటే "ఉప్పే" అని పకపకా నవ్వాడు.

స్పేర్లు వెంటనే దొరకవు, అది ఒప్పుకోవాలి. మా ఫ్రిజ్ తలుపు రబ్బరు కోసం గుంటడు డాబాగార్డెన్స్ మూడు సార్లు వెళ్ళాడు, పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకున్నాం. బిల్లు ఇవ్వరు, పానాల డబ్బాకి క్యూఆర్ కోడ్ అంటించి ఉంటది. ఒకసారి మా మిక్సీ జారుకి వేరేవాళ్ళ మూత పెట్టి ఇచ్చారు, మాది ఎవరింట్లో ఉందో ఇంకా తేలలేదు. ధరల విషయంలో మాత్రం నోరెత్తే పని లేదు, జార్ బుష్‌కి 80, కార్బన్ బ్రష్‌లకి 100, అరిగిపోయిన పాత ముక్క చేతిలో పెట్టి చూపించాకే డబ్బులు తీసుకుంటాడు. మా ఆవిడ హీటర్ తీసుకెళ్తే ఇది చెయ్యనమ్మా, రేపు షాక్ కొడితే నాకు నిద్ర పట్టదు అని వెనక్కిచ్చేశాడు.

ఐదుకి నాలుగు స్టార్లు. మే నెల ఒక్కటీ సర్దుకుంటే ఐదిచ్చేవాణ్ణి. ఎవరైనా వెళ్దామనుకుంటే ఇవాళో ఎల్లుండో వెళ్ళండి, రేపు గురువారం, మార్గశిరం కదా, షాపువాళ్ళు పొద్దున్నే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి పోతారు, క్యూలోంచి ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు. వెళ్ళినవాళ్ళు లోపల అటక మీద నీలం హ్యాండిల్ ఇస్త్రీ పెట్టె కనిపిస్తే ఒకసారి గుర్తు చేయండి, అది మాదే, మూడు వారాలైంది.