జూమ్ ఆర్16: ఆ ఆరు పెన్సిల్ సెల్స్ కోసమే ఇంకా దగ్గరుంచుకున్నాను

జూమ్ ఆర్16 అంటే చాలా మైకుల్ని ఒకేసారి వేరువేరు ట్రాకుల్లోకి తీసుకునే రికార్డర్. ట్రాకులెన్ని, ఎఫెక్టులేంటి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. ఆర్16 మార్కెట్లోకి వచ్చింది 2009లో, దాని గురించి చెప్పాల్సినవన్నీ ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేశారు. నేను చెప్పేది దాని అడుగున ఉండే బ్యాటరీ గది గురించి.

మాది పాలకొల్లుకి కాస్త లోపలికి. ఇంట్లో సాకెట్లకి మూడు కన్నాలూ ఉంటాయి గానీ మూడోదానికి ఎర్తు వైరు చేరదు. ఇదివరకు ల్యాప్‌టాప్, దానికి రెండు మైకులు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె పెట్టుకుని పాడుకునేవాణ్ని. ఛార్జర్ తగిలిస్తే చాలు, హెడ్‌ఫోన్స్‌లో గుయ్‌మని హమ్. ఛార్జర్ నుంచి కొద్దికొద్దిగా కారే కరెంటుకి భూమిలోకి దారి లేక ఆడియో కేబుళ్ల వెంట తిరుగుతుంది. గిటార్ తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే ఇంకా ఘోరం. మాది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే కరెంటు అలని నున్నగా కాకుండా చదరంగా ఇచ్చేది. హమ్ 50 హెర్ట్జ్ దగ్గర మాత్రమే ఉంటే ఈక్వలైజర్‌తో కోసెయ్యొచ్చు. స్క్వేర్ వేవ్‌లో 150, 250, 350 అంటూ బేసి గుణిజాలన్నీ పైదాకా ఉంటాయి, సరిగ్గా గొంతు ఉండే చోటే వచ్చి కూర్చుంటాయి. వాటిని కోస్తే గొంతు కూడా పోతుంది. ఎర్తు గొయ్యి తీయించి వైరింగ్ మార్పిద్దామంటే గోడలు పగలగొట్టాలని ఎలక్ట్రీషియన్ అన్నాడు. గోడలు పగలగొడితే పాటల సంగతి తర్వాత, ముందు ఇంట్లో నా సంగతి చూస్తారు.

ఈ మిషన్ కాకినాడలో, ఆర్కెస్ట్రా మానేసిన ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఇంటికి తెచ్చి, ఆరు పెన్సిల్ సెల్స్ వేసి, ఏ ప్లగ్గూ పెట్టకుండా మైకు తగిలించి గెయిన్ (మైకు శబ్దాన్ని పెద్దది చేసే నాబ్) పెంచాను. ఫ్యాన్ చప్పుడు వినిపించింది, వీధిలో సైకిల్ బెల్లు వినిపించింది. గోడలోంచి వచ్చేది మాత్రం ఏమీ లేదు. మెయిన్‌తో సంబంధమే లేనప్పుడు హమ్ తిరగడానికి దారి ఎక్కడుంటుంది?

దీని అసలు విలువ తెలిసింది మాత్రం మొంథా తుఫాను తర్వాత. 2025 అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. రాజోలు వైపు మా మేనత్త వాళ్ల ఊళ్లో కొబ్బరిచెట్లు లైన్ల మీద పడి కరెంటు పోయింది. రోడ్లు తెరిచాక చించినాడ వంతెన మీదుగా బండి మీద వెళ్లాను. బ్యాగులో ఇదీ, రెండు మామూలు మైకులూ పెట్టుకున్నాను. అత్తకి పాత పెళ్లిపాటలన్నీ వచ్చు: నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు. ఎప్పటినుంచో తీసుకుందామనుకుంటున్నవే.

"ఏరా, ఊరంతా కరెంటు లేకపోతే నీ పెట్టె ఎలా పనిచేత్తదిరా?" అంది.

"సెల్స్ మీదత్తా."

"మన పాత రేడియోలాగానా?"

"ఆయ్."

పగలంతా పడిన చెట్లు కోసే రంపం మిషన్ల గోల. రాత్రి భోజనాలయ్యాక కొవ్వొత్తి వెలుగులో కూర్చున్నాం. ఒక మైకు అత్తకి, ఒకటి వంత పాడే పక్కింటి పిన్నికి. మిషన్‌కి సొంతంగా ఉండే రెండు మైకులు గది కోసం. అన్నీ వేరువేరు ట్రాకుల్లోకి వెళ్లాయి.

ఇంటికొచ్చి వింటే నమ్మలేకపోయాను. అత్తావాళ్ల వీధిలో ఆ రాత్రి ఫ్రిజ్ లేదు, ఫ్యాన్ లేదు, బోరు మోటారు లేదు, టీవీ లేదు. నేను సెల్స్ మీద ఉన్నాను కాబట్టి నా మిషన్ వల్ల వచ్చే చప్పుడూ లేదు. అత్త ఊపిరి తీసుకోవడం, చెయ్యి కదిపినప్పుడల్లా గాజులు, చరణం మర్చిపోతే పిన్ని మెల్లగా అందించిన మాట, అన్నీ వినిపించాయి. బయట కప్పల అరుపులు కూడా ఉన్నాయి. వాటిని తీసెయ్యమని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.

అయితే అప్పగింతల పాటకి వచ్చేసరికి బ్యాటరీ గుర్తు అడుగంటింది. నావి పాతబడిన రీఛార్జబుల్ సెల్స్. కిరాణా కొట్లో కొవ్వొత్తులతో పాటు సెల్స్ కూడా తుఫానుకి ముందే అయిపోయాయట. గోడ గడియారాల్లోవీ టార్చిలోవీ ఏరి వేస్తే, గుర్తు కాసేపు నిండుగా చూపించి ఒక్కసారిగా దిగిపోయింది. ఆ పాట తర్వాత ఎప్పుడో తీసుకున్నాను. కరెంటు వచ్చాక, ఫ్రిజ్ కట్టేసి. బాగానే ఉంది గానీ మిగతా వాటి పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

కాబట్టి నాలుగున్నర గంటలు నడుస్తుందన్న కంపెనీ లెక్కని కొత్త సెల్స్‌కి మాత్రమే, ఫాంటమ్ పవర్ (కండెన్సర్ రకం మైకులకి మిషనే కేబుల్ వెంట పంపే కరెంటు) ఆపి ఉంచినప్పుడు మాత్రమే లెక్కేసుకోండి. కండెన్సర్ మైకు పెట్టి ఫాంటమ్ వేస్తే సెల్స్ ఎంత తొందరగా పోతాయో మీరే చూస్తారు. ఫాంటమ్ కూడా 5, 6 ఇన్‌పుట్‌లకి మాత్రమే వస్తుంది. రీఛార్జబుల్ వాడితే మెనూలో సెల్స్ రకం మార్చుకోవాలి, లేకపోతే గుర్తుని నమ్మలేం.

హమ్ లేదన్నాను కదా, అది మైకుల వరకే. నా సింగిల్ కాయిల్ గిటార్ ట్యూబ్‌లైట్ చోక్ దగ్గరికి వెళ్తే ఇప్పటికీ గుయ్‌మంటుంది. అది గాల్లోంచి గిటార్ పికప్ (తీగల కింద ఉండే వైరుచుట్ట) పట్టుకునేది, సెల్స్ దాన్నేం చెయ్యలేవు. చర్చి కుర్రాళ్లు క్రిస్మస్ పాటలకి కీబోర్డు తెచ్చి దాని అడాప్టర్ గోడకి పెట్టారు. వదిలిందనుకున్న హమ్ ఆ కేబుల్ వెంట మళ్లీ వచ్చింది. దాన్నీ సెల్స్ మీద నడిపితే పోయింది. ఇక మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రంతా నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, మైకు వాటినీ శుభ్రంగా వింటుంది. అందుకే ఇంట్లో నా రికార్డింగులు అత్తావాళ్లింట్లోలా ఉండవు.

ఉప్పుగాలికి ఫేడర్లు (లెవెల్ కోసం పైకీ కిందకీ జరిపే మీటలు) కూడా కాస్త దెబ్బతిన్నాయి. ఒకటి నేను ముట్టుకోకపోయినా లెవెల్ గెంతిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు బాగుంటుంది. అందుకే ఫైనల్ మిక్సింగ్ దీని మీద చెయ్యను. కార్డు తీసి వేవ్ ఫైళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటాను. అన్నట్టు కార్డు 32 జీబీ దాటితే తీసుకోదు. మా వైపు షాపుల్లో చిన్న కార్డులు అడిగితే వింతగా చూస్తున్నారు.

మీది రాజమండ్రిలో సరైన ఎర్తింగ్ ఉన్న ఫ్లాట్ అయ్యి, ఒక్కరే పాడుకునేవాళ్లయితే, దీనికి పెట్టే డబ్బుతో మంచి మైకు కొనుక్కోండి. బీట్లు, లూపులతో పాటలు కట్టేవాళ్లకీ దీంతో పెద్దగా పనిలేదు, కీబోర్డులూ డ్రమ్ మిషన్లూ కలుపుకునే మిడి పోర్టే లేదు. నాలాగా భజన బృందాల దగ్గరికీ చర్చిలకీ తిరుగుతూ, ఒకేసారి ఎనిమిది మైకులు తీసుకోవాల్సి వచ్చేవాళ్లకి, పైగా ఇంట్లో మా ఇంటి లాంటి వైరింగ్ ఉన్నవాళ్లకి పనికొస్తుంది. అది కూడా మంచి పీస్ దొరికితేనే.

సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు అమ్మేవాళ్లు అడాప్టర్ పెట్టి "పనిచేస్తోంది కదండీ" అంటారు. మీ దగ్గర ఆరు కొత్త సెల్స్ ఉంచుకుని, అడాప్టర్ తీయించి, వాటి మీద ఒక పాటంతా రికార్డు చేసి చూడండి. బ్యాటరీ గది మూత తెరిచి స్ప్రింగులకి పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడండి. ఇక్కడ సెల్స్ లోపలే వదిలేసి ఒక వానాకాలం గడిస్తే అవి కారడం మామూలే. చిలుము ఉంటే ధర తగ్గించమని అడగండి, లేదంటే వదిలెయ్యండి.