సాపర్ తాత బత్తాయి తోట, మూడు రోజుల నల్లగొండ

తాత సంవత్సరీకానికి బాపు, నేను కనగల్ మండలంలోని మా ఊరికి బయలుదేరాం. కార్యం అయ్యాక, చిన్నప్పుడు తాత నన్ను తిప్పిన చోట్లన్నీ మళ్లీ చూడాలని ముందే అనుకున్నాం.

హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి నల్లగొండ సుమారు వంద కిలోమీటర్లు. బస్సులకు కొదవ లేదు, రెండున్నర గంటల్లో దిగాం. ఊళ్లో ఇల్లంతా చుట్టాలే కాబట్టి ఆ రాత్రికి పట్నంలో లాడ్జి తీసుకున్నాం. అదే పొరపాటు. ఫోన్‌లో చూసిన గదికీ ఇచ్చిన గదికీ పొంతన లేదు. తెల్లారి నల్లాలో నీళ్లు రాలేదు. తలస్నానం చేసి కార్యానికి కూర్చోవాల్సిన బాపు ఆరింటిదాకా టెన్షన్ పడ్డాడు. గది చూశాకే డబ్బు కట్టండి.

తాత మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజినీర్ల దళంలో పనిచేశాడు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు. షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర ట్యాంకులు దాటడానికి మందుపాతరలు ఏరి దారి చేసిన వాళ్లలో ఉన్నాడు. రాత్రి చలిలో నేల మీద బోర్లా పడుకుని, ఇనుప చువ్వను ఏటవాలుగా దించుతూ వెతకాలి. నిలువుగా పొడిస్తే పాతర పైభాగానికి తగులుతుంది, పక్కనుంచి తాకితే బతుకుతాం అని చెప్పేవాడు. అంతకుమించి యుద్ధం గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

1984లో రిటైరై వచ్చి నాలుగెకరాల చెలకలో సాత్‌గుడి బత్తాయి పెట్టాడు. పాదుల్లో గడ్డి తీసేటప్పుడు కూడా కుర్పిని అట్లా ఏటవాలుగానే పట్టేవాడు. "మీదికెల్లి పొడిస్తే వేరు తెగుతది బిడ్డా, పక్కకెల్లి తియ్యాలె" అనేవాడు. బత్తాయికి నీళ్లు తాగే పీచు వేళ్లన్నీ పైపైనే ఉంటాయి. అవి తెగితే వేరుకుళ్లు పడుతుంది. మొదలుకు నీళ్లు తగిలితే బంక కారుతుందని చెట్టు చుట్టూ రెండు కట్టలు వేసి, బయటి కట్టలోనే నీళ్లు పారించేవాడు. బోర్లు ఎండిన రెండు ఎండాకాలాలు ట్యాంకర్లతో తడిపినా తోట చాలావరకు పోయింది. పదకొండు చెట్లు మిగిలాయి.

మరునాడు పొద్దున పానగల్లు ఛాయా సోమేశ్వరం. పట్నానికి నాలుగు కిలోమీటర్లే, ఆటోలో వెళ్లొచ్చు. లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ కోసం గంట కూర్చున్నాం. తాత ఎప్పుడూ తొందరపెట్టేవాడు కాదు, మేమూ తొందరపడలేదు.

అక్కణ్నుంచి నాగార్జునసాగర్. ఇక్కడ పర్యాటక శాఖ వాళ్ల హోటల్ విజయ్ విహార్‌లో దిగాం. లాడ్జి కంటే ఖర్చెక్కువే గానీ కిటికీలోంచి కనిపించే నీళ్లకు ఆ డబ్బు ఇవ్వొచ్చు. అన్నం మామూలుగా ఉంది. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని బయలుదేరండి. మ్యూజియం నీళ్ల మధ్య దీవి మీద ఉంది, లాంచీలో వెళ్లాలి. జనం కూడేదాకా లాంచీ కదలదు, పెద్దవాళ్లుంటే గొడుగు, నీళ్లు తప్పనిసరి. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఈ డ్యామ్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ వైపు వరి పండుతుంటే, ఎత్తున ఉన్న మా చెలకలకు ఆ నీళ్లు ఎక్కలేదు. సాగర్ నీళ్లను ఎత్తిపోసే ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వ వచ్చాకే మా వైపు కాస్త తడి తెలిసింది. ఇరవై ఆరు గేట్లనూ చూస్తూ తాత ఈ సంగతే చెప్పేవాడు, ఆ గొంతులో కోపం ఉండేది కాదు.

వచ్చేటప్పుడు సూర్యాపేట దాకా వెళ్లాం. 2020లో గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం అక్కడ ఉంది. 2021లో దాన్ని పెట్టాక తాత ఒక్కడే బస్సెక్కి వెళ్లి చూసి వచ్చాడట. ఈ సంగతి బాపు నాకు అక్కడ నిలబడే చెప్పాడు.

ఆఖరి సాయంత్రం తోటకు వెళితే చిన్నాయన తాత కుర్పి నా చేతిలో పెట్టాడు. కుర్పిని ఏటవాలుగానే పట్టాను, అయినా చెట్టువి రెండు పీచు వేళ్లు తెగాయి. చీకటి పడేలోగా ఒక్క పాది అయింది. మిగతా పదీ చిన్నాయన చేసుకుంటానన్నాడు.