సున్నా చూపిస్తే నమ్మొచ్చా? తక్కువ ధర మల్టీమీటరు, కొన్నేళ్ల వాడకం తర్వాత

కరెంటు పనిలో నేను రోజూ వాడే మల్టీమీటరు ఖరీదైనదేమీ కాదు. కొన్నేళ్లుగా పనిముట్ల సంచిలోనే ఉంటోంది. కింద పడింది, దుమ్ము పట్టింది, ఇప్పటికీ పనిచేస్తోంది. దాని పేరు చెప్పడం కన్నా అది ఎలాంటిదో చెప్పడమే ఉపయోగం, ఎందుకంటే ఈ తరగతిలో ఒకే మీటరు రకరకాల పేర్లతో, రకరకాల రంగుల్లో వస్తుంటుంది. నాది 6000 కౌంట్లది, అంటే తెర మీద దాదాపు 6000 దాకా అంకె చూపిస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ (తరంగం ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువ చూపించేది), ఆటో రేంజ్ (రేంజ్ తనే ఎంచుకునేది), క్యాట్ త్రీ 600 వోల్టులు (ఎలాంటి లైను మీద వాడొచ్చో చెప్పే భద్రతా రేటింగ్). రెండు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. వోల్టులు, ఓమ్స్, కంటిన్యుటీ (దారి తెగకుండా ఉంటే బీప్ కొట్టేది), డయోడ్, కెపాసిటర్, ఫ్రీక్వెన్సీ, 10 ఆంపియర్ల దాకా కరెంటు చూస్తుంది.

మీటరు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ఎంత కచ్చితంగా చూపిస్తుందని. ఫాల్ట్ వెతికే పనికి అది అంత పెద్ద విషయం కాదని నా అభిప్రాయం. ఒక శాతం తేడా ఉన్నా 230 వోల్టుల దగ్గర రెండు మూడు వోల్టులే అటూ ఇటూ అవుతాయి. దానివల్ల దొరకాల్సిన ఫాల్ట్ దొరక్కుండా పోదు. నేను చూసేది వేరే: మీటరు సున్నా చూపిస్తే ఆ వైరు మీద చెయ్యి వెయ్యగలనా? 230 కనిపిస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు. సున్నా చూసినప్పుడే వేళ్లు వైరు దగ్గరికి వెళ్తాయి.

ఆ సున్నా అబద్ధం కావడానికి కారణాలు చాలా ఉన్నాయి. లీడ్ (మీటరు నుంచి వచ్చే కొలత వైరు) లోపల తెగి ఉంటే సున్నా. ప్లగ్ జాక్‌లో పూర్తిగా కూర్చోకపోతే సున్నా. నాబ్ డీసీ వోల్టుల మీద ఉండగా ఏసీ వైరు పట్టుకున్నా మీటరు సున్నా దగ్గరే ఆగుతుంది. అందుకే ఏసీకీ డీసీకీ నాబ్ మీద వేరువేరు స్థానాలున్నది చూసి తీసుకున్నాను. రెండింటినీ ఒకే చోట పెట్టి సెలెక్ట్ బటన్‌తో మార్చుకోమనే మీటర్లలో కొన్ని ఆన్ చేసినప్పుడల్లా డీసీలోకే వెళ్తాయి. చీకటిలో, తొందరలో ఉన్నప్పుడు ఆ బటన్ గుర్తుండదు.

మీటరు ఏదైనా పద్ధతి మాత్రం తప్పనిసరి. ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో పెట్టి చూడాలి, తర్వాత పని చెయ్యాల్సిన చోట, మళ్లీ అదే సాకెట్‌లో. పని చెయ్యాల్సిన చోట ఫేజ్-న్యూట్రల్ ఒక్కటే చూస్తే చాలదు. ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ కూడా చూడాలి. న్యూట్రల్ ఎక్కడో తెగి ఉంటే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మీటరు ఏమీ చూపించకపోవచ్చు, ఫేజ్ మాత్రం పూర్తి కరెంటుతో అక్కడే ఉంటుంది.

ఇక లీడ్‌ల సంగతి. ఈ ధరలో మీటరు బాగున్నా లీడ్‌ల దగ్గర పొదుపు చేస్తారు. నా మీటరుతో వచ్చిన పీవీసీ లీడ్‌లు కొన్నాళ్లకే బిరుసెక్కాయి. ప్రోబ్ పిడిలోకి వైరు దూరే చోట మెలిక పడి, పైన తొడుగు బాగానే ఉండగా లోపల రాగి పోగులు ఒక్కొక్కటీ తెగడం మొదలైంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఓమ్స్‌లో పెట్టి రెండు మొనలూ గట్టిగా కలిపి పట్టుకుని, పిడి దగ్గర వైరును అటూ ఇటూ వంచి చూడాలి. మంచి లీడ్ అయితే 0.2, 0.3 ఓమ్ దగ్గర కదలకుండా నిలబడుతుంది. తెగుతున్నదైతే అంకె ఎగిరెగిరి పడుతుంది, ఒక్కోసారి ఓఎల్ (రేంజ్ దాటింది, అంటే దారి తెగినట్టే) అని వస్తుంది. వాటిని తీసేసి సిలికాన్ లీడ్‌లు వేసుకున్నాక నా మీటరు వేరే మీటరైంది. సిలికాన్ వైరు మెత్తగా వంగుతుంది, సోల్డరింగ్ ఐరన్ తగిలినా కరిగిపోదు. లీడ్ మీద కూడా క్యాట్ రేటింగ్ రాసి ఉండాలి. క్యాట్ త్రీ పనికి మొన 4 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ బయటికి కనిపించకూడదు, మిగతాదంతా తొడుగులో ఉండాలి. డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) పక్కపక్కనే ఉన్న రెండు టెర్మినళ్ల మధ్య పొడవాటి ఇనుప మొన జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కొన్నాక నేను మొదట చేసిన పని వెనక మూత విప్పి ఫ్యూజులు చూడటం. నా దాంట్లో రెండూ సిరామిక్ గొట్టాలవే, లోపల ఇసుక నింపినవి, 600 వోల్టులవి. ఇది చాలా పెద్ద విషయం. కరెంటు కొలిచే జాక్‌లో లీడ్ ఉండగా ఎవరైనా ఫేజ్-న్యూట్రల్ మధ్య ప్రోబ్‌లు పెడితే అది నేరుగా షార్ట్. ఆ క్షణంలో వందల, వేల ఆంపియర్లు పోతాయి. గాజు ఫ్యూజ్‌లో తీగ కరిగినా దాని ఆవిరిలోంచి ఆర్క్ సాగుతూనే ఉండొచ్చు, గొట్టం పగలొచ్చు. ఇసుక ఆ ఆర్క్‌ను చల్లార్చి ఆపేస్తుంది. బయట క్యాట్ త్రీ 600 వోల్టులని అచ్చేసి లోపల 250 వోల్టుల గాజు ఫ్యూజ్ పెట్టిన మీటరుంటే, ఆ అచ్చును నమ్మకండి. క్యాట్ అన్నది మామూలు వోల్టేజీ లెక్క ఒక్కటే కాదు. లైనులో మెరుపులా వచ్చే సర్జ్‌ను తట్టుకోవడం కూడా అందులో ఉంది. క్యాట్ టూ 600 వోల్టుల మీటరుకు పరీక్ష 4000 వోల్టుల సర్జ్‌తో, క్యాట్ త్రీకి 6000తో. సాకెట్‌కు తగిలించే సామాను మరమ్మతుకు క్యాట్ టూ సరిపోతుంది. డీబీ మూత తీసేవాళ్లకు క్యాట్ త్రీ ఉండాల్సిందే.

అన్నిటికన్నా చవకగా దొరికే డీటీ-830 రకం పసుపు మీటరు ఉంటుంది చూశారూ, అది బొమ్మ బ్యాటరీలకూ డీసీ సర్క్యూట్లకూ పనికొస్తుంది. మెయిన్స్ దగ్గరికి తీసుకెళ్లడం నాకిష్టం లేదు. చాలావాటిలో 10 ఆంపియర్ల జాక్‌కు ఫ్యూజే ఉండదు, ఆ మాట మీటరు మీదే రాసి ఉంటుంది. బజర్ లేనివీ ఉన్నాయి. పైగా వాటిలో 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది, లైన్లో వోల్టేజీ పెరిగిందేమో అనుకుంటాం.

బీప్ గురించి ఒక మాట. నా మీటరులో మొన తగలగానే మోగుతుంది, పది వైర్ల కట్టలోంచి ఒకదాన్ని వెతికేటప్పుడు ఆ వేగమే కావాలి. ఆలస్యంగా మోగేదాంతో ఈ పని విసుగు. కానీ బీప్ వచ్చిందంటే కనెక్షన్ బాగుందని అర్థం కాదు. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్స్ ఉన్నా మోగేస్తాయి. స్విచ్ లోపల కాంటాక్ట్ కాలిపోయి 5 ఓమ్స్ ఉందనుకోండి, మీటరు హాయిగా మోగుతుంది. దాంట్లోంచి 5 ఆంపియర్లు పోతే అక్కడే 25 వోల్టులు పడిపోతాయి, 125 వాట్ల వేడి పుడుతుంది. స్విచ్ కరిగేది అందుకే.

ఇలాంటి ఫాల్ట్‌కు నేను ఎక్కువగా ఆధారపడే పరీక్ష లోడ్ మీద వోల్టేజీ చూడటం. సాకెట్ ఖాళీగా ఉన్నప్పుడు 230 చూపిస్తుంది, ఇస్త్రీపెట్టె పెట్టగానే పని చెయ్యదు. మీటరును అలాగే ఉంచి ఇస్త్రీపెట్టె ఆన్ చేస్తే రీడింగ్ ఒక్కసారిగా కిందికి పడుతుంది. అంటే దారిలో ఎక్కడో లూజ్ కనెక్షన్ ఉంది. అప్పుడు లోడ్ నడుస్తుండగానే స్విచ్ రెండు టెర్మినళ్ల మీద చెరో ప్రోబ్ పెడతాను. ఆన్‌లో ఉన్న స్విచ్ మీద దాదాపు సున్నా రావాలి. వోల్టులు కనిపిస్తే దొంగ అక్కడే. అక్కడ లేకపోతే తర్వాతి జాయింట్, ఆపైన ఎంసీబీ (బోర్డులోని బ్రేకర్ స్విచ్). ఈ పనికి ఏ ధర మీటరైనా సరిపోతుంది, క్యాట్ రేటింగ్, లీడ్‌లు సరిగ్గా ఉంటే చాలు.

నా మీటరులో లేక బాధపడేది లో-జెడ్ మోడ్. ఆపేసిన వైరు వేరే లైవ్ వైరుతో కలిసి ఒకే పైపులో నడుస్తుంటే దాని మీద 60, 80 వోల్టులు కనిపిస్తుంటాయి. మీటరు ఇన్‌పుట్ 10 మెగా ఓమ్స్ కావడంతో పక్క వైరు నుంచి కెపాసిటెన్స్ ద్వారా వచ్చే ఆ కొద్దిపాటి కరెంటుకే స్పందిస్తుంది. లో-జెడ్ ఉన్న మీటరు కొద్దిగా లోడ్ వేస్తుంది కాబట్టి ఆ దొంగ వోల్టేజీ పడిపోతుంది. నేను హోల్డర్‌కు ఫిలమెంట్ బల్బు పెట్టి దాంతో పాటే కొలుస్తాను. బల్బు తగిలించగానే రీడింగ్ సున్నాకు పడితే అది దొంగ వోల్టేజీయే. ఇప్పుడు కొత్తగా కొంటే లో-జెడ్ ఉన్నదానికి ఇంకాస్త పెట్టడానికి వెనకాడను.

ట్రూ ఆర్‌ఎంఎస్ ఇన్వర్టర్, డిమ్మర్ దగ్గర పనికొచ్చింది. సగటు లెక్కతో నడిచే మీటరు చతురస్ర తరంగాన్ని 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. మెయిన్స్ ఒక్కటే చూసేవాళ్లకు ఇది లేకపోయినా నష్టం లేదు. కెపాసిటర్ రేంజ్ మాత్రం తరచూ వాడాను. 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న ఫ్యాన్ కండెన్సర్ 1.6 చూపిస్తే ఫ్యాన్ ఎందుకు నెమ్మదించిందో తెలిసిపోతుంది. కొలిచే ముందు దాన్ని డిస్‌చార్జ్ చెయ్యాలి, లేకపోతే మీటరుకే దెబ్బ. 10 ఆంపియర్ల జాక్‌ను నేను దాదాపు ముట్టుకోను, ఆ పనికి క్లాంప్ మీటరు ఉంది. వైరు తాకకుండా కరెంటు పసిగట్టే ఎన్‌సీవీ, గోడలో వైరు ఎటు పోయిందో ఊహించడానికి బాగుంది. వైరులో కరెంటు లేదని తేల్చడానికి దాన్ని వాడను.

బ్యాక్‌లైట్ తొందరగా ఆరిపోతుంది, డీబీలో తల దూర్చినప్పుడు చిరాకు. ఇన్సులేషన్ విషయంలో ఇలాంటి ఏ మీటరు మీదా ఆశ పెట్టుకోకూడదు. ఓమ్స్‌లో ఇది పంపేది కొద్ది వోల్టులే, అందుకే తేమ పట్టిన మోటారు వైండింగ్ కూడా బాడీకి ఓఎల్ చూపించొచ్చు. అదే మోటారు కరెంటు ఇవ్వగానే షాక్ కొట్టొచ్చు. బాడీకి షాక్ వస్తోందని ఎవరైనా పిలిస్తే, ఈ మీటరు సంచిలోనే ఉంచి ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ తీసుకెళ్తాను.