ఏళ్ల తరబడి వాడాక ఎంఎస్ఎంటీపీ: పంపడంలో దిట్ట, దాచడంలో సున్నా

లినక్స్ మెషీన్ తనంతట తాను మనకు చెప్పాలనుకునే సంగతులు చాలానే ఉంటాయి. రాత్రి బ్యాకప్ ఫెయిలైంది, డిస్క్‌లో పాడైన సెక్టార్లు పెరుగుతున్నాయి, కలిపి కట్టిన డిస్కుల గుంపు రెయిడ్‌లోంచి ఒక డిస్క్ జారిపోయింది. వీటిని చెప్పే క్రాన్ (వేళకు పనులు నడిపేది), స్మార్ట్‌డీ (డిస్క్ ఆరోగ్యం చూసేది), ఎండీఆడ్మ్ (రెయిడ్‌ను చూసేది) లాంటివాటికి అలవాటైన దారి మెయిల్. అది చివరికి సెండ్‌మెయిల్ అనే పేరున్న ప్రోగ్రామ్ చేతుల్లోంచే పోవాలి. ఆ పేరుతో మెషీన్‌లో ఏదీ లేకపోతే డెబియన్ అనే లినక్స్ రకంలోని క్రాన్ ‘నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్’ (మెయిల్ పంపే ప్రోగ్రామ్ లేదు, పారేస్తున్నాను) అని లాగ్‌లో ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటుంది.

దీనికి పోస్ట్‌ఫిక్స్ అనే పూర్తిస్థాయి మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చు. దానిమీద నాకు గౌరవమే. కానీ బయటి మెయిల్ తీసుకునే పనే లేని మెషీన్‌లో తెర వెనుక రోజంతా నడిచే డీమన్, దాని బోలెడు సెట్టింగులు ఎందుకు? ఉన్న మెయిల్ అకౌంట్ ద్వారా ఉత్తరాన్ని బయటికి తోసేసే చిన్న ప్రోగ్రామ్ చాలు. మొదట్లో అలాంటిదే అయిన ఎస్ఎస్ఎంటీపీ వాడేవాణ్ణి. దాన్ని పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. పాత గైడ్లలో ఇప్పటికీ దాని పేరే కనిపిస్తుంది కానీ కొత్తగా పెట్టుకోవాల్సినది కాదు. అప్పుడే అదే పని చేసే ఎంఎస్ఎంటీపీకి మారాను. ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్లలోనూ చాలాకాలం అదొక్కటే నడిచింది.

పెట్టడం తేలిక. డెబియన్‌లో ఎంఎస్ఎంటీపీతో పాటు ఎంఎస్ఎంటీపీ-ఎంటీఏ అనే ప్యాకేజీ కూడా వేయాలి. సెండ్‌మెయిల్ అనే పేరును దీనికి కట్టేది ఆ రెండోదే. అది వేయకపోతే చేత్తో పంపిన టెస్ట్ మెయిల్ చక్కగా వెళ్తుంది, క్రాన్ మెయిల్ మాత్రం రాదు. కాన్ఫిగ్ పది లైన్లు దాటదు: హోస్ట్, పోర్ట్, యూజర్, పాస్‌వర్డ్, ఫ్రమ్, ఆథ్ (లాగిన్) ఆన్, టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళం) ఆన్, లాగ్‌ఫైల్. మెషీన్ మొత్తానికి ఒకటే కావాలంటే ఈటీసీ ఫోల్డర్‌లో, మనకు మాత్రమే అయితే హోమ్‌లో దాపుడు ఫైల్‌గా ఉంచాలి. ఒకే ఫైల్‌లో ఎన్ని అకౌంట్లయినా రాసుకోవచ్చు. మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఆఫీసు అడ్రస్ నుంచి రాస్తే ఆఫీసు సర్వర్ ద్వారా, సొంత అడ్రస్ నుంచి రాస్తే సొంత సర్వర్ ద్వారా పోయేలా చేయడం దీనితో చాలా హాయి.

పోర్ట్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. 587లో మాటలు మామూలుగా మొదలై, మధ్యలో స్టార్ట్‌టీఎల్ఎస్ అంటే అప్పుడు తాళం పడుతుంది. 465లో మొదటి అక్షరం నుంచే తాళం. ఎంఎస్ఎంటీపీలో టీఎల్ఎస్ ఆన్ అంటే మొదటి పద్ధతే అనుకుంటుంది. 465 రాసి, స్టార్ట్‌టీఎల్ఎస్‌ను ఆఫ్ చేయకపోతే ఎర్రర్ కూడా వెంటనే రాదు. సర్వర్ పలకరిస్తుందని ఇది చూస్తుంది, ఇది తాళం మొదలుపెడుతుందని సర్వర్ చూస్తుంది. ‘ముందు మీరు’ ‘కాదు మీరే’ అన్నట్టు ఇద్దరూ నోరు మూసుకుని కూర్చుంటారు. ఎక్కడో నెట్ స్లో అయిందని మనం అనుకుంటాం. సర్వర్‌ఇన్ఫో అనే ఆప్షన్‌తో నడిపితే అవతలి సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది, ఎంత సైజు మెయిల్ తీసుకుంటుంది, ఏ ఏ లాగిన్ పద్ధతులు ఒప్పుకుంటుంది అన్నీ చూపిస్తుంది. కొత్త సర్వర్ ఏదైనా నా మొదటి కమాండ్ అదే.

తర్వాతి తలనొప్పి పంపేవారి అడ్రస్. క్రాన్ రాసే ఉత్తరం రూట్ (మెషీన్ అధికారి అకౌంట్) పేరు మీద, ఊరూపేరూ లేని హోస్ట్‌నేమ్‌తో ఉంటుంది. బయటి సర్వర్లు దాన్ని తీసుకోవు, తీసుకున్నా స్పామ్‌లో పడేస్తాయి. కాన్ఫిగ్‌లో ఫ్రమ్ అని రాస్తే కవరు మీది అడ్రస్ మారుతుంది, లోపల ఉత్తరంలోని ఫ్రమ్ లైను అలాగే ఉంటుంది. లోపలిదీ మారాలంటే సెట్-ఫ్రమ్-హెడర్ ఆన్ చేయాలి. పాత వెర్షన్లలో ఇది లేదు. రూట్‌కు వచ్చేవి మన అసలు అడ్రస్‌కు చేరడానికి ఎవరి మెయిల్ ఎక్కడికి పోవాలో రాసే ఎలియాసెస్ ఫైల్ చూపిస్తే సరిపోతుంది.

పాస్‌వర్డ్ విషయంలో దీని పట్టుదల నాకు నచ్చుతుంది. పాస్‌వర్డ్ రాసి ఉన్న హోమ్‌లోని కాన్ఫిగ్ ఫైల్‌ను ఇతరులు చదవగలిగేలా ఉంచితే పని చేయనని మొండికేస్తుంది, 600 పర్మిషన్ (సొంతదారు మాత్రమే చదివి రాయగలిగేది) పెట్టేదాకా కదలదు. పాస్‌వర్డ్‌ఇవాల్ అనే లైనుతో పాస్‌వర్డ్‌ను జీపీజీతో తాళం వేసిన ఫైల్ నుంచి తీయించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అది బంగారం. మనిషి ఎదురుగా లేని సర్వర్‌లో మాత్రం అర్ధరాత్రి జీపీజీ పాస్‌ఫ్రేజ్ అడిగితే చెప్పేవాళ్లెవరు? అక్కడ ఒక యాప్ పాస్‌వర్డ్ (ఒక్క ప్రోగ్రామ్ కోసం మెయిల్ సంస్థ ఇచ్చే విడి పాస్‌వర్డ్) తీసుకుని, పర్మిషన్లు బిగించి, ఫైల్‌లోనే రాసేస్తాను. డెబియన్, ఉబుంటులలో ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో కట్టడి చేసే యాప్ఆర్మర్ ప్రొఫైల్ కూడా ఉంటుంది. దాన్ని ఆన్ చేసి లాగ్‌ఫైల్‌ను ఎక్కడో పెడితే, పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. కారణం కెర్నల్ లాగ్‌లో దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. ఎంఎస్ఎంటీపీకి క్యూ, అంటే వెళ్లని ఉత్తరాలను దాచి మళ్లీ పంపే వరుస, లేదు. పిలిచినప్పుడు లేస్తుంది, సర్వర్‌కు కలుపుతుంది, ఉత్తరం ఇస్తుంది, పోతుంది. కలపలేకపోతే తన తప్పు కోడ్ చెప్పేసి అప్పుడూ అలాగే పోతుంది. ఉత్తరం ఎక్కడా మిగలదు. మట్‌లో కూర్చుని రాస్తున్నప్పుడు ఇదే మంచిది: వెళ్లలేదని అక్కడికక్కడే తెలుస్తుంది, ఉత్తరం మన చేతిలోనే ఉంటుంది, మళ్లీ నొక్కుతాం. క్రాన్ అలా కాదు. ఒకసారి ఇచ్చి ఊరుకుంటుంది.

ఒకసారి నా సర్వర్‌కు రాత్రంతా నెట్ లేదు. దూరపు మెషీన్‌కు వెళ్లాల్సిన బ్యాకప్ ఆగిపోయింది. ఆగిందని చెప్పాల్సిన మెయిల్ కూడా అదే తీగ మీద వెళ్లాలి కదా, అదీ పోలేదు. పొద్దున్నే ఇన్‌బాక్స్ ప్రశాంతంగా ఉంది. నెట్ వచ్చాక పాత మెయిల్ వస్తుందనుకోవడానికి లేదు, అది ఎప్పుడో గాలిలో కలిసిపోయింది. లాగ్‌లో మాత్రం ఒక లైను మిగిలింది, చివర ఎగ్జిట్‌కోడ్ ఈఎక్స్-టెంప్‌ఫెయిల్ (ప్రస్తుతానికి కుదరలేదు) అని. మామూలు రోజుల్లో అదే చోట ఎస్ఎంటీపీ‌స్టేటస్ 250 (సర్వర్ తీసుకుంది), ఈఎక్స్-ఓకే అని ఉంటుంది. లాగ్ చక్కగా రాస్తుంది, ఒక మెయిల్‌కు ఒకే లైను. కానీ మెయిల్ వస్తుందిలే అన్న నమ్మకంతోనే కదా మనం లాగ్ చూడటం మానేసింది!

అంతకన్నా నెమ్మదిగా చంపేది పాస్‌వర్డ్ రద్దవడం. కొన్ని మెయిల్ సంస్థలు అసలు పాస్‌వర్డ్ మార్చగానే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ కొట్టేస్తాయి. నాకూ అలా జరిగింది. లాగ్‌లో లాగిన్ కుదరలేదనే 535 కోడ్‌లు వరుస కడుతూనే ఉన్నాయి, ఇన్‌బాక్స్‌లో ఏ కబురూ లేదు. మెయిల్ రాకపోతే అంతా బాగుందనా, చెప్పే నోరే పడిపోయిందనా? ఈ రెంటికీ తేడా తెలియాలని వారానికోసారి అప్‌టైమ్, డిస్క్‌లో మిగిలిన జాగా పంపే ఒక క్రాన్ లైను ప్రతి మెషీన్‌లోనూ పెట్టాను. ఆ మెయిల్‌ను చదవను, వచ్చిందా లేదా అని మాత్రం చూస్తాను.

ఎంఎస్ఎంటీపీతో పాటు ఎంఎస్ఎంటీపీక్యూ అనే స్క్రిప్ట్ వస్తుంది, క్యూ కావాలనేవాళ్లకు. అది ల్యాప్‌టాప్ వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. సర్వర్‌లో దానితో కుస్తీ పట్టడం కన్నా వేరే ప్రోగ్రామ్ పెట్టుకోవడం సుఖమని నా అభిప్రాయం. అందుకే సర్వర్లలో డీఎంఏకు మారాను, అంటే డ్రాగన్‌ఫ్లై మెయిల్ ఏజెంట్. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా 2023లో వచ్చిన 14.0 నుంచి సెండ్‌మెయిల్‌ను పక్కనబెట్టి దీన్నే డిఫాల్ట్ చేసింది. ఇదీ చిన్నదే, బయటి మెయిల్ కోసం పోర్ట్ 25 మీద కూర్చుని వినదు. కానీ పంపలేకపోయిన ఉత్తరాన్ని వార్ స్పూల్ ఫోల్డర్ కింద దాచుకుని, మొదట ఐదు నిమిషాలకు, తర్వాత గ్యాప్ పెంచుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఐదు రోజులు చూసి అప్పుడు వదిలేస్తుంది. మధ్యలో మెషీన్ రీబూట్ అయితే మాత్రం క్యూను మళ్లీ కదిలించే క్రాన్ లైను ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

డీఎంఏలో నాకు నచ్చనిదీ ఉంది. పంపే సర్వర్ ఒక్కటే పెట్టుకోగలం, ఎంఎస్ఎంటీపీలా అడ్రస్‌ను బట్టి దారి మార్చలేం. ఎర్రర్లు కూడా అంత విడమరిచి చెప్పదు. అలర్ట్‌లు పంపే సర్వర్‌కు ఆ లోటు తెలియదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎంఎస్ఎంటీపీని తీసే ఉద్దేశం లేదు. సర్వర్లలో కూడా కొత్తగా ఏదైనా మెయిల్ అకౌంట్ పెట్టేటప్పుడు ముందు ఎంఎస్ఎంటీపీతోనే డీబగ్ ఆన్ చేసి ఒక ఉత్తరం పంపి చూస్తాను. అవతలి సర్వర్‌తో జరిగిన సంభాషణంతా లైను లైనుగా తెర మీద కనిపిస్తుంది. అది 250 అన్నాకే ఆ వివరాలు డీఎంఏ ఫైల్‌లోకి ఎక్కిస్తాను.