పార్సిల్ సార్టింగ్ గొడవ: కమిటీనా, రాజీ అధికారా?

కడపలో మా పార్సిల్ షెడ్డులో కొత్త సార్టింగ్ పద్ధతి వచ్చాక నడుములు పడిపోతున్నాయి. బెల్టు ఆగదు. బరువు సంచిని ఒక్కరే వంగి ఎత్తాలి. మే నెలలో రేకుల కింద ఆ పని నరకం.

దీన్ని తేల్చుకోడానికి రెండు దారులున్నాయి. వాటిలో దగ్గరిది, పనిచోటే ఉండే ఫిర్యాదుల కమిటీ. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, ఆపైన కార్మికులున్న చోట అది ఉండాలి. సభ్యుల్లో సగం మంది కార్మికులే, 30 రోజుల్లో తేల్చాలి. బెల్టు పక్కనే నిలబడి, చెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుందో వేలుపెట్టి చూపించొచ్చు. నా ఓటు ముందు దీనికే. కాకపోతే అది వినేది ఒక్కొక్కరి ఫిర్యాదునే.

అందరి గొడవైతే యూనియన్ ద్వారా లేబర్ శాఖ రాజీ అధికారి దగ్గరికి పోవాలి. 45 రోజుల దాకా పట్టొచ్చు, టెన్షనూ ఎక్కువే. అయినా ఆయన పిలిస్తే యాజమాన్యం రాక తప్పదు. కమిటీ తీర్పు నచ్చకపోయినా 60 రోజుల్లోపు ఆయన్నే ఆశ్రయించొచ్చు.