ఎనిమిది శృతిదండాల పెట్టె: వాడి చూశాక

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కోసం ఆన్‌లైన్‌లో కొన్న ఈ పెట్టెలో 256 నుంచి 512 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు) వరకు ఎనిమిది శృతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు, అంటే తడితే ఒకే స్వరం పలికే లోహపు దండాలు), ఒక రబ్బరు సుత్తి ఉన్నాయి. 512 దండాన్ని తట్టి, నీళ్ల డ్రమ్ములో నిలువుగా ముంచిన పీవీసీ గొట్టం మూతి దగ్గర పట్టుకొని, గొట్టాన్ని మెల్లగా పైకి లేపుతూ పోగా, లోపలి గాలి స్తంభం సుమారు 16 సెంటీమీటర్లకు చేరగానే, అంతవరకు వినీ వినిపించని ధ్వని ఒక్కసారిగా ఖంగుమంది. మళ్లీ 50 వద్ద అదే అనునాదం, అంటే గొట్టంలోని గాలి కూడా దండంతో కలిసి గట్టిగా మోగడం. ఈ రెండింటి మధ్య ఉన్న 34 సెంటీమీటర్లు తరంగదైర్ఘ్యంలో సగం కాబట్టి, దాన్ని రెట్టింపు చేసి 512తో గుణిస్తే ధ్వని వేగం సెకనుకు దాదాపు 348 మీటర్లు వచ్చింది. సున్నా డిగ్రీల వద్ద 331 మాత్రమే ఉండే ఈ వేగం మన వేసవి మధ్యాహ్నపు గాలిలో ఇంత ఉండవలసిందే.

అయితే 480 అని చెక్కిన దండం మాత్రం నమ్మదగినది కాదు. ఫోన్‌లో 480 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ దీన్ని పక్కన పెడితే సెకనుకు మూడు విస్పందనాలు (ధ్వని పెరిగి తగ్గడాలు) వినిపించాయి, అంటే తేడా మూడు హెర్ట్జ్‌లన్నమాట. అమ్మినవారు మార్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చెక్క అనునాద పెట్టె ఇవ్వకపోవడాన్ని నేను లోటుగా భావించను. దండం కాడను భోజనాల బల్లకు ఆనిస్తే చాలు, బల్లే మోగుతుంది.